కొమ్ము విరిగిన అక్షరం

శ్రీపర్వతం దారులు – 17వ భాగం

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లేవాళ్లు మామూలుగా మ్యూజియంలో పెద్ద బుద్ధుడి ముందు కాసేపు నిలబడి, చెట్ల నీడన తెచ్చుకున్న పులిహోర తిని, తిరుగు లాంచీ కోసం రేవుకు పరుగెత్తుతారు. నేనూ చాలా ఏళ్లు అదే పని చేశాను. అదే మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా ఒకటుంది. నీళ్లు రాకముందు ఈ నేల ఎలా ఉండేదో, ఏ స్తూపం ఎక్కడ, ఏ విహారం ఎక్కడ అన్నది పైనుంచి గద్ద చూసినట్టు చూడొచ్చు. మూడు వైపులా నల్లమల గట్లు. నాలుగో వైపు కృష్ణ. మధ్యలో సుమారు 23 చదరపు కిలోమీటర్ల నేల. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇంతే.

ఆ ఆకారాన్ని ఓసారి కాగితం మీద గీయండి. ఎడమన ఒక నిలువు గీత, కింద ఒక అడ్డగీత, కుడిన మరో నిలువు గీత. పైన తెరిచి వదిలెయ్యండి. మూత లేని పెట్టెలా ఉంటుంది. ఇప్పుడు ఆ పెట్టెలో ఒక ఇంటూ గుర్తు పెట్టండి. జపాన్ వాళ్లు కీడు అని రాసే అక్షరం మీ చేత రాయించాను. దాన్ని వాళ్లు ‘క్యో’ అని పలుకుతారు.

పోయిన వారం బోధిసిరి శాసనం దగ్గర ఆగాం. గోవగామకు చెందిన ఆ ఉపాసిక ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో ఇక్కడి చుల్లధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. దాన్ని ఏ ఆచార్యులకు సమర్పించిందో చెబుతూ, వాళ్లు బుద్ధుడి బాటకు తెచ్చిన దేశాల పేర్లు చెక్కించింది. కశ్మీరం, గాంధారం తర్వాత ఆ వరసలో ‘చీన’ ఉంది. అంటే మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున రాయి చెక్కినవాడికి చీనా ఒక తెలిసిన ఊరి పేరు. జపాన్ వాళ్లకు అప్పటికింకా రాత అబ్బలేదు. తర్వాత రాత, బుద్ధుడు రెండూ వాళ్లకు చీనా నుంచి కొరియా మీదుగానే చేరాయి. ఆ చీనా అక్షరాలనే వాళ్లు ‘కంజి’ అంటారు. మన గంజికీ దానికీ చుట్టరికం లేదు.

ఈ వారం కథ ఆ కంజి లిపిలో కీడును చెప్పే నాలుగైదు అక్షరాలది. వాటిలో రెండు మన లోయకు చాలా దగ్గరివి. ఒకటి లోయను ముంచింది. రెండోది లోయలోంచి బయల్దేరి టోక్యో దాకా నడిచింది.

మొదట ‘క్యో’ సంగతి. సామాన్య శకం 100 ప్రాంతంలో షు షెన్ అనే చీనా పండితుడు తొమ్మిది వేల పైచిలుకు అక్షరాలకు పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ పెద్ద నిఘంటువు రాశాడు. అప్పటికి ఇక్కడ శాతవాహనులు ఏలుతున్నారు, అమరావతి స్తూపానికి సున్నపురాతి పలకలు అమరుతున్నాయి. నేల గుంతపడితే, ఆ గుంతలో ఏదో అడ్డదిడ్డంగా చిక్కుకుంటే, అదే ఈ అక్షరం అన్నాడు ఆయన. మన ‘గోతిలో పడ్డాడు’ అన్న మాటకు ఇంతకంటే పొదుపైన బొమ్మ దొరకదు.

ఈ అక్షరాన్ని ఇవాళ మామూలు జపాన్ మనిషి ఎక్కువగా చూసేది గుడి చీటీ మీద. ‘ఒమికుజి’ అంటారు. చిల్లు ఉన్న డబ్బాను ఊపితే నంబరు వేసిన పుల్ల ఒకటి జారుతుంది. ఆ నంబరు సొరుగు తెరిచి చీటీ తీసుకోవాలి. మహాశుభం నుంచి మొదలై శుభం, చిన్నశుభం అంటూ దిగుతూ చివరికి క్యో, కొన్నిచోట్ల మహాక్యో కూడా వస్తుంది. టోక్యోలోని అసకుసలో ఉన్న సెన్సోజి గుడిలో వంద చీటీలకు 30 క్యోలు. చాలా గుళ్లు భక్తుల మనసు కష్టపెట్టడం ఎందుకని చెడ్డ చీటీలు తగ్గించేశాయి గానీ సెన్సోజి వాళ్లు పాత లెక్క మార్చలేదు. నాకు ఆ పట్టుదల నచ్చింది. మన చిలక జోస్యంలో చిలక ఏ కార్డు తీసినా చివరికి ‘మీకు మంచిరోజులు దగ్గర్లోనే ఉన్నాయి’ అనే వస్తుంది కదా. డబ్బులిచ్చి చెడ్డమాట వినాలంటే కొంచెం గుండె ఉండాలి.

క్యో వస్తే ఏం చేస్తారు? చీటీని సన్నగా మడిచి గుడి ఆవరణలో కొమ్మకో, అందుకని కట్టిన తీగెకో ముడేసి వస్తారు. కీడును గుడిలో వదిలేసి ఇంటికి వెళ్లడం అన్నమాట. మంచి చీటీ అయితే పర్సులో పెట్టుకుంటారు. దిష్టి తీసిన నిమ్మకాయను మూడు దార్ల కూడలిలో పారేసి వెనక్కి చూడకుండా వచ్చేవాళ్లకు ఈ పద్ధతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ వంద చీటీల పద్ధతికి ఆద్యుడిగా జపాన్‌లో చెప్పుకునేది ర్యోగెన్ అనే తెందాయ్ శాఖ భిక్షువును. 912లో పుట్టి 985లో, చాంద్రమానం లెక్కన మొదటి నెల మూడో రోజున పోయాడు. ఆ తిథిని బట్టి ‘గన్‌జన్ దాయిషి’ అని పేరొచ్చింది. అసలు చీటీలు చీనా నుంచి వచ్చినవే, వాటి పేరు ‘తియన్జు చీటీలు’. తియన్జు అంటే చీనా భాషలో మన దేశం. హాంగ్‌జౌ నగరం దగ్గర ఆ పేరుతో గుళ్లున్నాయి, చీటీలకు ఆ పేరు అక్కడిది. చిలక జోస్యం మనవాళ్లే నేర్పారని రేపెవరైనా రాస్తే నన్ను తిట్టకండి.

ర్యోగెన్ గురించి ఇంకో కథ ఉంది, నాకు చీటీల కంటే ఇదే ముఖ్యం. 984లో మహమ్మారి ప్రబలింది. ర్యోగెన్ పెద్ద అద్దం ముందు కూర్చుని ధ్యానంలోకి వెళ్లాడు. అద్దంలో ఆయన రూపం మారుతూ మారుతూ ఎముకలు తేలి, నెత్తిన రెండు కొమ్ములు మొలిచిన రాక్షసిగా నిలిచింది. శిష్యుల్లో ఒకడు భయపడకుండా ఆ రూపాన్ని బొమ్మ గీశాడు. దాన్ని అచ్చులు తీసి ఇంటి తలుపుకు అంటించుకుంటే రోగం గడప దాటదని నమ్మకం. ‘త్సునో దాయిషి’, అంటే కొమ్ముల స్వామి. క్యోటో పాత వీధుల్లో ఇవాళ్టికీ తలుపుల మీద ఆ నల్లటి కొమ్ముల బొమ్మ కనిపిస్తుంది. మాచర్లలో కొత్తగా కట్టే ఇంటికి కోరలూ మీసాలూ వేసి వేలాడదీసే బూడిద గుమ్మడికాయ ఆయనకు తమ్ముడే. కొమ్ముల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

రెండో అక్షరం ‘యకు’. క్యో ఒక్క చీటీతో పోయే కీడు. యకు మనిషి వయసుకు పట్టే కీడు. గట్టు కింద ఒక మనిషి ముడుచుకుని కూర్చున్నట్టుంటుంది దీని బొమ్మ. కాదు, అది ఎద్దు మెడమీది కాడి అన్నవాళ్లూ ఉన్నారు. ఏదైనా బరువే.

మగవాళ్లకు 25, 42, 61. ఆడవాళ్లకు 19, 33, 37. ఇవి జపాన్‌లో యకు ఏళ్లు. లెక్క పుట్టగానే ఒకటి, ఆపైన కొత్త సంవత్సరానికి ఒకటి. మన ముసలమ్మలు ‘అరవై వెళ్లి అరవై ఒకటి నడుస్తోంది’ అన్నట్టు. వీటిలో మగవాడికి 42, ఆడమనిషికి 33 మహా చెడ్డవి. ఎందుకంటారా? నాలుగు ‘షి’, రెండు ‘ని’. షిని అంటే చావు. మూడూ మూడూ కలిపి పలికితే ‘సన్‌జన్’, నానా అగచాట్లు. అంకెల్లో ధ్వనిని పట్టుకుని ఆయుష్షు లెక్కగట్టారు. ఇదే ధ్వని వల్ల అక్కడ చాలా ఆసుపత్రుల్లో నాలుగో నంబరు, తొమ్మిదో నంబరు గదులుండవు. నాలుగుకు చావు ధ్వని, తొమ్మిదికి ‘కు’ అనే ధ్వని. ఆ ‘కు’ దగ్గరికి ఇంకాసేపట్లో వస్తాను.

యకు ఒక్క ఏడాదితో వదలదు. ముందు ఏడాది ముందు యకు, తర్వాతి ఏడాది వెనక యకు, మొత్తం మూడేళ్లు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు మోసేవాళ్లం కాబట్టి మనకు ఇది సుఖంగానే కనిపిస్తుంది. ‘ఈ వయసులో గండం ఉంది, ఆ గట్టు దాటితే నూరేళ్లు’ అని మన పల్నాటి పంతుళ్లు చెప్పే మాటలోనూ గట్టు ఉంది, జపాన్ అక్షరంలోనూ గట్టు ఉంది. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొండ అంచున బతికినవాళ్లకు భయం ఒకే ఆకారంలో కనిపిస్తుందేమో.

యకు తీయించుకోవడానికి జపాన్‌లో పేరున్న గుళ్లలో ఒకటి టోక్యో పక్కనే కవసకి నగరంలో ఉన్న హెయ్‌కెన్‌జి. జనం కవసకి దాయిషి అంటారు. దీని స్థలపురాణం కూడా యకు కథే. హిరమ కనెనోరి అనే యోధుడు సొంతసీమ విడిచి వచ్చి ఇక్కడ చేపలు పట్టుకుని బతికేవాడు. అతనికి 42వ ఏటి యకు వచ్చింది. కలలో ఒక సన్యాసి కనిపించి, ‘నా బొమ్మ సముద్రంలో ఉంది, వల వెయ్యి’ అన్నాడు. వలలో కొయ్య విగ్రహం పడింది. అది కోబో దాయిషిది. 1128లో దానికి గుడి కట్టారు. కొత్త సంవత్సరం మొదటి రోజుల్లో ఈ గుడికి లక్షల మంది వస్తారు.

ఈ కోబో దాయిషి అసలు పేరు కూకాయ్. 774లో పుట్టి 835లో పోయాడు. 804లో చీనాకు ఓడెక్కి, 806లో తిరిగొచ్చి, షింగోన్ అనే మంత్రమార్గాన్ని జపాన్‌లో నాటాడు. షింగోన్ వాళ్లు తమ గురుపరంపరలో ఎనిమిది పేర్లు చెబుతారు. ఎనిమిదో పేరు కూకాయ్. మొదటి రెండూ దేవతలు. మూడోది, అంటే ఆ వరసలో మొట్టమొదటి మనిషి, నాగార్జునుడు. దక్షిణ భారతంలో ఒక ఇనప స్తూపం ఉండేదని, దాని తలుపులు ఆయన తెరిచాడని, లోపల మంత్రశాస్త్రాలు అందుకున్నాడని వాళ్ల కథ. ఆ ఇనప స్తూపం అమరావతే అయి ఉండొచ్చని అన్న పండితులున్నారు.

ఇక్కడ ఒక మాట కుండబద్దలు కొట్టాలి. ఈ ధారావాహికలో మొదటినుంచీ కొందరు పాఠకులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది. ఇక్ష్వాకుల శాసనాల్లో ఎక్కడా ఆచార్య నాగార్జునుడి పేరు లేదు. లోయ తవ్వకాల్లో ఆయన ఇక్కడ ఉన్నాడని చెప్పే ఒక్క ఆధారమూ దొరకలేదు. కొండకు ఆ పేరు చాలా తర్వాత వచ్చింది. అయితే ఆయన శాతవాహన రాజుకు ఉత్తరాలు రాశాడన్నది, ఈ కొండల పాత పేరైన శ్రీపర్వతంతో ఆయనకు ముడి ఉందన్నది టిబెట్, చీనా, జపాన్ మూడూ మోసిన బలమైన సంప్రదాయం. 639 ప్రాంతంలో మన ధాన్యకటకానికి వచ్చి కొన్ని నెలలు ఉండి చదువుకున్న షువాన్‌జాంగ్ కూడా, శాతవాహనుడు నాగార్జునుడి కోసం కొండను తొలిచి విహారం కట్టించాడన్న కథ రాసుకున్నాడు. శాసనం సాక్ష్యం, కథ జ్ఞాపకం. రెంటినీ కలిపి అన్నంలో ముద్దచేసి పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆ షువాన్‌జాంగే 649లో హృదయసూత్రాన్ని చీనాలోకి అనువదించాడు. జపాన్‌లో షింగోన్, తెందాయ్, జెన్ శాఖలన్నీ రోజూ చదివేది ఆ అనువాదమే. దాని మొదట్లోనే ‘కుయకు’ అని ఒక జంట పదం ఉంది. ‘కు’ అంటే దుఃఖం, ‘యకు’ మనం చూసిన కీడు. విచిత్రం ఏమిటంటే, మనకు దొరికిన సంస్కృత ప్రతుల్లో ఆ మాట ఉన్న పాదమే లేదు. దుఃఖం పోగొట్టుకోవడం గురించిన సూత్రంలో కీడు తొలగే సంగతి తూర్పున చేరింది. పుస్తకం కూడా ఊరు మారితే ఆ ఊరివాళ్ల భయాలు కాసిని నేర్చుకుంటుంది.

‘కు’ అక్షరం చూడండి. పైన గడ్డి గుర్తు, కింద పాతది అనే అక్షరం. మొదటి అర్థం చేదు మొక్క. దుఃఖం అన్న మన మాటను చీనాలోకి తేవాల్సి వచ్చినప్పుడు అనువాదకులు చేదును ఎంచుకున్నారు. మనం ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసే లెక్కే ఇది. 409లో కుమారజీవుడు నాగార్జునుడి మధ్యమకశాస్త్రాన్ని చాంగాన్ నగరంలో చీనా చేసినప్పుడు 12వ ప్రకరణానికి ఈ అక్షరంతోనే పేరుపెట్టాడు. ఆ ప్రకరణంలో నాగార్జునుడి వాదం సూటిగా ఉంటుంది. దుఃఖాన్ని నువ్వే చేసుకున్నావా? ఇంకొకడు చేశాడా? ఇద్దరూ కలిసి చేశారా? కారణమే లేకుండా వచ్చిందా? నాలుగూ కుదరవని ఒక్కొక్కటే కొట్టేస్తాడు. దేనికీ దానంతటదిగా ఒక స్వభావం లేదన్నది ఆయన మూలసూత్రం. ఆ లెక్కన 42వ ఏడు తనంతట తాను చెడ్డది కాదు, తొమ్మిదో నంబరు గది తనంతట తాను చెడ్డది కాదు. ఆయన పేరు మూడో మెట్టుగా చెక్కుకున్న పరంపరే 42వ ఏట కీడు తీసే గుడి నడుపుతోంది. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాదు. తర్కం చదివిన పంతులు కూడా కూతురి పెళ్లికి దుర్ముహూర్తం చూసుకుంటాడు.

మూడో అక్షరం దగ్గర మాత్రం నవ్వులాటకు చోటు లేదు. ‘సాయ్’. ఉపద్రవం. 1995 నుంచి జపాన్‌లో ఏటా డిసెంబరులో జనం ఓటేసి ఆ ఏటి అక్షరాన్ని ఎంచుకుంటారు. క్యోటోలోని కియోమిజు గుడి పెద్ద భిక్షువు దాన్ని మనిషంత కాగితం మీద మొరటు కుంచెతో రాస్తాడు. తుపాన్లు, నీగత భూకంపం వచ్చిన 2004లో సాయ్. పశ్చిమాన వరదలు, హొక్కయిదోలో భూకంపం, పిట్టలు రాలే ఎండలు వచ్చిన 2018లో మళ్లీ సాయ్. ఈ అక్షరంలో కింద మంట ఉంటుంది, పైన మూడు వంకర గీతల నది. ఆ పై సగం పాత రూపం ఇంకా కటువైనది. నది గుర్తుకు అడ్డంగా ఒకే ఒక గీత. షు షెన్ దానికి చెప్పిన అర్థం: పారే నదిని అడ్డుకోవడం, అదే కీడు.

లాంచీ స్టేషన్ గట్టున నిలబడి ఈ సంగతి తలుచుకున్నప్పుడు నాకు కాసేపు మాట పెగల్లేదు. కృష్ణకు అడ్డంగా ఆ గీత, నాగార్జునసాగర్ ఆనకట్ట, ఎదురుగానే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్య పన్నెండేళ్లలో లోయలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1926లో మొదటి స్తంభాన్ని గుర్తించి కబురు చేసినవాడు సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు. ఆ కబురు మీద మద్రాసు శాసన విభాగం నుంచి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం నీటితో పోటీపడి తవ్వింది. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకీ చేర్చారు. మిగిలింది నీటి కింద ఉంది.

అయితే షు షెన్ అక్షరాన్ని యథాతథంగా మన ఆనకట్టకు అంటించడం అన్యాయం. శ్రీనాథుడు జొన్నకూడు తినలేక తిట్టిపోశాడని చెప్పుకునే సీమ ఇది. కుడి కాలువ పారాక వరి అన్నం పండుగనాటి తిండి నుంచి రోజువారీ తిండి అయింది. ఆ కాలువ కింద పొలం ఉన్నవాడిని అడిగితే నదికి అడ్డగీత శుభం అంటాడు. ఊరు, గుడి, చెట్టు, శ్మశానం నీళ్లకు ఇచ్చేసి మిట్టకు ఎక్కినవాడి మనవడిని అడిగితే వేరే అక్షరం రాస్తాడు. ఇద్దరూ ఒకే మండలంలో ఉంటారు, ఒకే బస్సులో మాచర్ల సంతకు పోతారు. జపాన్ వాళ్లకు శుభం, కీడు రెండక్షరాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒకే మాటగా పలికే అలవాటుంది, ‘కిక్యో’ అని. మన ‘మంచిచెడ్డలు’. ఆనకట్టకు ఆ మాటే సరి.

అనుపు వెళదాం. విజయపురి సౌత్ నుంచి ఆటోలో పోవచ్చు. అక్కడికి చేర్చిన వాటిలో జనం మెట్ల రంగస్థలంలో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినడంలో మునిగిపోతారు. ఆ పక్కన చిన్న గుడి ఉంది, దాని దగ్గర ఆగేవాళ్లు తక్కువ. అది హారీతి గుడి.

హారీతి రాజగృహంలో ఉండే యక్షిణి. ఐదువందల మంది పిల్లల తల్లి. తన పిల్లలకు పెట్టడానికి ఊరివాళ్ల పిల్లల్ని ఎత్తుకుపోయి తినేది. ఊరంతా బుద్ధుడి దగ్గర మొరపెట్టుకుంది. ఆయన ఆమె చిన్నకొడుకును తన భిక్షాపాత్ర కింద దాచాడు. ఆమె ఏడ్చుకుంటూ ఊళ్లన్నీ తిరిగి చివరికి ఆయన దగ్గరికే వచ్చింది. ఐదువందల మందిలో ఒకడు పోతేనే నీకింత బాధైతే, ఒక్కడే ఉన్న తల్లి సంగతేమిటని అడిగాడు బుద్ధుడు. ఆమెకు కళ్లు తెరిపిడి పడ్డాయి. మరి నా పిల్లలేం తినాలని అడిగింది. విహారాల్లో మీకు రోజూ కూడు పెడతారని మాటిచ్చాడు. 671లో చీనా నుంచి బయల్దేరి 695లో తిరిగి వెళ్లిన యిజింగ్, మన దేశపు విహారాల్లో వాకిట్లోనో, భోజనశాల మూలనో చంటిబిడ్డను ఎత్తుకున్న హారీతి బొమ్మ ఉండేదని, రోజూ ఆమె ముందు అన్నం పెట్టేవారని రాశాడు.

ఈ కథ పల్నాడులో కొత్తగా చెప్పాలా? మశూచిని ‘అమ్మవారు పోసింది’ అని అన్నవాళ్లం మనం. పిల్లల్ని తీసుకుపోయే రోగానికి పోలేరమ్మ అని పేరుపెట్టి, పొలిమేరలో చోటిచ్చి, పొంగలి పెట్టి, మా బిడ్డల్ని నువ్వే కాపాడమ్మా అని అడిగినవాళ్లం. కీడును తరిమేస్తే మళ్లీ వస్తుంది. కూడుపెట్టి చుట్టం చేసుకుంటే కావలి కాస్తుంది. ఇక్ష్వాకుల విజయపురిలో అదే జరిగింది. స్తూపాలు, చైత్యాలు, దూరదేశపు భిక్షువులు, చదువులు ఒకవైపు. ఆ పక్కనే గట్టు మీద పిల్లల తల్లులకు ఒక గుడి. మహాచైత్యం కట్టించిన చాంతిసిరి పెట్టుకున్న కోరికల్లో నిర్వాణంతో పాటు అల్లుడికి ఆయుష్షు, గెలుపు కూడా ఉన్నాయి. ఆ అల్లుడు వీరపురుషదత్తుడు, ఆమెకు సొంత మేనల్లుడు. మేనత్తలు మారలేదు.

హారీతి ఇక్కడ ఆగలేదు. గాంధారంలో శిల్పమైంది, మధ్య ఆసియా దాటి చీనా చేరింది, సద్ధర్మపుండరీక సూత్రంలో చోటు సంపాదించి జపాన్‌లో దిగింది. అక్కడ ఆమె పేరు ‘కిషిమోజిన్’. ఒని, పిల్లలు, తల్లి, దేవత, ఈ నాలుగు అక్షరాలూ వరసగా రాస్తే ఆమె పేరు. రాక్షసి పిల్లల తల్లి దేవత. టోక్యోలో జోషిగయా అనే పేటలో ఆమెకు పాత గుడి ఉంది. గర్భగుడి కట్టింది 1664లో. నెలతప్పినవాళ్లు, సంతానం కోరేవాళ్లు, చంటిబిడ్డలతో వచ్చేవాళ్లు ఇప్పటికీ ఎక్కువ. లోపలి విగ్రహానికి కోరలు లేవు. నగలు వేసుకుని, చేత బిడ్డను ఎత్తుకుని, రెండో చేత దానిమ్మ పట్టుకున్న తల్లి. ఆ పండును అక్కడివాళ్లు శుభఫలం అంటారు.

ఆమె పేరులో మొదటి అక్షరం ‘ఒని’. రాక్షసి, దయ్యం అనే అర్థంలో వాడతారు. దాని నెత్తిన మొట్టమొదట వేసే చిన్న గీత ఒకటుంటుంది. బడిపిల్లలకు దాన్ని కొమ్ము అని చెప్పి నేర్పుతారు. జోషిగయా గుడి పలక మీద ఆ గీత ఉండదు. ఎందుకు వదిలేశారని అడిగితే, బుద్ధుడి మాట విన్న తర్వాత ఆమెకు కొమ్ములు పోయాయి కదా, పేరులో మాత్రం ఎందుకు ఉంచడం అంటారు. కంప్యూటరు అక్షరాల్లో ఆ రూపం మామూలుగా దొరకదు. అందుకని బయట బోర్డుల మీద, రైలు స్టేషన్ల పటాల మీద ఆమె కొమ్ముతోనే కనిపిస్తుంది. గుడి గడప దాటాకే కొమ్ము పోతుంది.

మహమ్మారిని ఆపడానికి సన్యాసి కొమ్ములు పెట్టుకున్నాడు. బిడ్డల్ని కాయడానికి రాక్షసి కొమ్ము వదిలేసింది. రెండూ ఒకే దేశంలో, ఒకే రాతలో.

అనుపులో హారీతి గుడి దగ్గర ఇవాళ దీపం లేదు. అది సంరక్షిత కట్టడం, పూజలు చెయ్యకూడదు కూడా. నేను చూసిన రోజు ఎవరో పిల్లాడి ఒక కాలి చెప్పు మెట్టు మీద మరిచిపోయి వెళ్లారు.

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. చాంతిసిరి మహాచైత్యం, 106 అడుగుల అడ్డకొలత ఉన్నది, దాని కడుపులో 1929లో లాంగ్‌హర్స్ట్‌కు ఒక మట్టికుండ దొరికింది. కుండలో వెండి భరిణె, వెండి భరిణెలో బంగారు భరిణె, దానిలో బంగారు పూలు, ముత్యాలతో పాటు బఠాణీ గింజంత ఎముక ముక్క. బుద్ధుడి ధాతువని స్తంభం మీది శాసనమే చెబుతోంది. దాన్ని 1932లో ప్రభుత్వం మహాబోధి సొసైటీకి ఇచ్చింది. లోయ నీళ్లపాలు కావడానికి చాలా ముందే అది కృష్ణ ఒడ్డు విడిచింది. ఇప్పుడు సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంది. ఆ విహారం గోడల నిండా బుద్ధుడి జీవితం బొమ్మలుగా ఉంది. వాటిని 1932 నుంచి 1936 దాకా గీసినవాడు జపాన్ చిత్రకారుడు కోసెత్సు నోసు.

వచ్చే వారం: విజయపురికి వచ్చిన సింహళ భిక్షువులు.